పునీతుల కథలకు రుజువు ఎప్పుడు అడగాలి?

మైసూరులో సెయింట్ ఫిలోమినా కేథడ్రల్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, బలిపీఠం కింద నేలమాళిగలోకి మెట్లు దిగితే పడుకుని ఉన్న ఆ పునీతురాలి స్వరూపం కనిపిస్తుంది. దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ వెళ్లాం. మా వంతు రాగానే మా మేనల్లుడు ఫోన్‌లోంచి తలెత్తి, "మామయ్యా, ఈవిడ అసలు లేదంట. 1961లో వాటికన్ వాళ్లే క్యాలెండర్‌లోంచి తీసేశారంట" అన్నాడు. గొంతు తగ్గించను కూడా లేదు. మా అక్క వాడి మోచేతి మీద ఒకటిచ్చి, "ముందు దండం పెట్టు. తర్వాత మాట్లాడుదువుగాని" అంది. పెట్టాడు. బయటికి రాగానే మళ్లీ అందుకున్నాడు. "లేని మనిషికి ఇంత పెద్ద గుడి కట్టారు. మరి మిగతా పునీతులు మాత్రం ఉన్నారని గ్యారంటీ ఏంటి?"

వాడి ప్రశ్నను కొట్టిపారేయలేం. మా పెద్దమ్మ పేరు ఫిలోమినా. మా వైపు కతోలిక ఇళ్లలో ఆమె తరం ఆడవాళ్లలో ఆ పేరు చాలామందికి ఉంది. ఇప్పుడు వాళ్లందరి దగ్గరికీ వెళ్లి, మీకు పేరిచ్చిన మనిషి లేదని చెప్పాలా?

నేను ఎటు నిలబడ్డానో ముందే చెప్పేస్తాను. పునీతుల గురించి చెప్పుకునే కథలు అక్షరాలా జరిగి ఉండాల్సిన పని లేదు. కానీ కొన్ని కథల్ని మాత్రం జరిగాయా లేదా అని నిలబెట్టి అడగాల్సిందే. ఏది ఏ గంపలో వేయాలన్న దగ్గరే నాకూ మేనల్లుడికీ పేచీ.

మూడు పలకలు, ఒక లంగరు

ముందు ఫిలోమినా సంగతి. 1802 మే నెలలో రోములోని ప్రిస్సిల్లా భూగర్భ శ్మశానంలో ఒక సమాధి బయటపడింది. దాన్ని మూసిన మూడు మట్టి పలకల మీద ఎర్ర రంగుతో అక్షరాలున్నాయి. ఉన్న వరుసలో చదివితే "లూమేనా – పాక్స్ తే – కుమ్ ఫి". అర్థం లేదు. మొదటి పలకను చివరికి జరిపితే "పాక్స్ తేకుమ్ ఫిలూమేనా", అంటే "ఫిలోమినా, నీకు శాంతి" అవుతుంది. పక్కన లంగరు, బాణాలు, ఖర్జూరపు మట్ట బొమ్మలు. లోపల పదమూడేళ్ల పిల్లవి అనుకోదగ్గ ఎముకలు, పగిలిన చిన్న గాజు బుడ్డి. దొరికింది అంతవరకే.

ఆ ఎముకల్ని 1805లో నేపుల్స్ దగ్గరి ఒక ఊరికి చేర్చారు. అద్భుతాలు జరిగాయన్నారు, జనం వచ్చారు, వచ్చినవాళ్లకు ఆమె కథ కావలసి వచ్చింది. 1833లో నేపుల్స్‌లో ఒక మఠకన్య, ఫిలోమినాయే తనకు స్వయంగా చెప్పిందంటూ ఆ కథ చెప్పింది. ఆమె గ్రీకు రాజు కూతురు. డయోక్లీషియన్ చక్రవర్తి పెళ్లాడతానంటే కాదంది. లంగరు కట్టి టైబర్ నదిలో తోయిస్తే దేవదూతలు తాడు తెంపారు. బాణాలు వేయిస్తే అవి వెనక్కి తిరిగి వేసినవాళ్లకే తగిలాయి. చివరికి తల నరికించాడు. పలక మీద గీసిన ఏ బొమ్మా వృథా పోలేదు చూడండి. మన స్థలపురాణాలు విని పెరిగినవాళ్లకు ఈ పనితనం కొత్త కాదు. కొండ మీద గుంట ఉంటే అది ఎవరిదో ఒకరి పాదం అయి తీరుతుంది.

తర్వాత ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒరాజియో మరుక్కి అనే పురావస్తు పండితుడు, ఆ పలకలు వేరే సమాధివని, తీసి మళ్లీ వాడారని, వరుస తప్పింది అందుకేనని వాదించాడు. అదే నిజమైతే లోపలి ఎముకలు ఫిలోమినా అన్న మనిషివి కూడా కావు. 1961లో ఆమె పండుగను పూజా క్యాలెండర్ల నుంచి తొలగించారు.

ఇక్కడితో ఆగితే మేనల్లుడు గెలిచినట్టే. కానీ ఈ కథలోకి జాన్ మరియ వియాన్నే వస్తాడు. ఫ్రాన్స్‌లో ఆర్స్ అనే పల్లెకు విచారణ గురువు, అంటే ఆ ఊరి చర్చిని చూసుకునే ఫాదర్. 1786లో పుట్టి 1859లో పోయాడు. ఏం తిన్నాడో, ఎన్ని గంటలు పాపసంకీర్తనాలు (జనం తమ పాపాలు ఒప్పుకునే మాటలు) విన్నాడో చూసినవాళ్లు రాసిపెట్టారు. ఈయన ఉన్నాడా లేడా అని అడిగే అవసరం ఎవరికీ రాదు. జనం రోగాలతో ఆయన దగ్గరికి ఎగబడేవారు. నయమైనవాళ్లు కాళ్ల మీద పడబోతే "నాదేం లేదు, ఇదంతా ఫిలోమినా చేసింది" అని ఆమె పీఠం వైపు పంపేసేవాడు. 1925లో ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు. విచారణ గురువులందరికీ ఆయనే పాలక పునీతుడు.

"అంటే ఆయన పొరబడ్డాడనేగా" అన్నాడు మేనల్లుడు. పొరబడ్డాడనే అనుకుందాం. కానీ ఆ పేరును ఆయన దేనికి వాడుకున్నాడు? పొగడ్త తనకు అంటకుండా పక్కకు తోసేయడానికి. స్వస్థత ప్రార్థనల స్టేజీల మీద తమ నిలువెత్తు ఫ్లెక్సీలు కట్టించుకునేవాళ్లను చూస్తున్న కాలంలో ఉన్నాం కాబట్టి, నాకు అది చిన్న సంగతిగా కనిపించదు.

మన వైపు నుంచి వెళ్లినవాళ్లు

రోమన్ వేదసాక్షుల (మతం కోసం ప్రాణమిచ్చినవాళ్ల) పట్టిక అనే చర్చి పునీతుల జాబితాలో నవంబరు 27న బర్లాము, జోసఫాతు అని ఇద్దరు పునీతులు ఉండేవారు. జోసఫాతు ఒక భారతదేశపు రాజు కొడుకు. పిల్లవాడు సన్యాసి అవుతాడని జ్యోతిషం చెబుతుంది. తండ్రి అతన్ని భవనంలో దాచి, దుఃఖం కంటపడకుండా పెంచుతాడు. ఒకరోజు బయటికి వెళ్లిన కుర్రవాడు రోగిని చూస్తాడు, ముసలివాణ్ణి చూస్తాడు. తర్వాత రాజ్యం వదిలేస్తాడు. మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. నాగార్జునకొండ మ్యూజియంలో, అమరావతి శిల్పాల్లో మనవాళ్లు చెక్కిన సిద్ధార్థుడి కథే ఇది. పర్షియన్, అరబిక్, జార్జియన్, గ్రీకు భాషల మీదుగా నడిచి వెళ్లి, చివర్లో బాప్తిస్మం కూడా పుచ్చుకుంది. పంతొమ్మిదో శతాబ్దంలో పండితులు గుట్టు విప్పేదాకా యూరప్ అంతా కొన్ని వందల ఏళ్లు బుద్ధుణ్ణి కతోలిక పునీతుడిగా తలుచుకుంది.

నాకైతే ఇందులో సిగ్గుపడేది ఏమీ కనిపించదు. ఆ కథ విని ఒక్క ధనవంతుడైనా ఆస్తి పంచిపెట్టి ఉంటే, కపిలవస్తు కథా కాదా అన్నది ఆ పంపకాన్ని రద్దు చేయదు.

రెండోది ఇంకా తమాషా. బ్రాహ్మణుడి భార్య తొందరపడి ముంగిసను చంపిన కథ మనకు చిన్నప్పుడే తెలుసు. పసివాణ్ణి కాటేయబోయిన పామును అది చంపుతుంది, మూతికున్న రక్తం చూసి బిడ్డను చంపిందనుకుంటారు. ఫ్రాన్స్‌లో లియోన్ దగ్గరి పల్లెల్లో పదమూడో శతాబ్దంలో ఇదే కథ ఉంది. అక్కడ ముంగిస బదులు గినెఫోర్ అనే వేటకుక్క, బ్రాహ్మణుడి బదులు కోట యజమాని. చంపాక నిజం తెలిసి, కుక్కను బావిలో పూడ్చి, చుట్టూ చెట్లు నాటించాడట. తర్వాత ఆ పల్లె జనం కుక్కనే పునీత గినెఫోర్ అని కొలిచి, జబ్బుపడ్డ పసిపిల్లల్ని అక్కడికి తెచ్చేవారు.

ఈ సంగతి మనకు తెలిసింది ఎతియెన్ ద బూర్బోన్ అనే దోమినికన్ గురువు రాతల వల్ల. ఆయన దాని మీద విచారణ చేసి, కుక్క ఎముకలు తవ్వించి, చెట్లు కొట్టించి, రెండూ కలిపి తగలబెట్టించాడు. ఇక్కడ నేను గమనించింది ఒకటుంది. కుక్క కథ అబద్ధమని ఆయన అనలేదు. అన్యాయంగా చచ్చిన మంచి కుక్క అనే రాశాడు. ఆయనకు కోపం తెప్పించింది ఆ తోటలో జరిగే తంతు. పసిబిడ్డను బట్టల్లేకుండా చెట్టు మొదట్లో పడుకోబెట్టి, తల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, అవి కాలిపోయేదాకా తల్లి దూరంగా వెళ్లిపోవాలి. తర్వాత ఏటి చన్నీళ్లలో తొమ్మిదిసార్లు ముంచాలి. కొవ్వొత్తులు అంటుకుని చనిపోయిన పిల్లలు కూడా ఉన్నారని రాశాడు.

నేను చెప్పదలచుకున్నది ఆయన తెలిసో తెలియకో చేసి చూపించాడనిపిస్తుంది. ఒక కథ నా దగ్గర ఏం అడుగుతోందో చూడాలి. తొందరపడి ఎవర్నీ శిక్షించకు అని మాత్రమే అడిగితే, ఆ కుక్క ఉన్నా లేకపోయినా నాకు పోయేదేమీ లేదు. నీ బిడ్డను కొవ్వొత్తుల మధ్య వదిలెయ్ అని అడిగితే మాత్రం, మొదటి అక్షరం నుంచీ రుజువు కావాలి.

ఒకే తోమా, రెండు కథలు

మనకు దగ్గరి ఉదాహరణ యేసు శిష్యుల్లో ఒకడు, అపొస్తలుడైన తోమాది. ఆయన సమాధి ఉందని చెప్పే చెన్నై మైలాపూరుకు మన తెలుగువాళ్లు బాగానే వెళ్తారు. ఆయన గురించి సిరియా వైపు మూడో శతాబ్దంలో రాసిన గ్రంథంలో ఒక కథ ఉంది. గొండొఫారిస్ అనే రాజు తోమాకు బోలెడు డబ్బిచ్చి భవనం కట్టమంటాడు. తోమా అదంతా బీదవాళ్లకు పంచేస్తాడు. రాజు వచ్చి, "ఏదయ్యా నా భవనం?" అంటే, "కట్టేశాను, పరలోకంలో ఉంది, మీరు పోయాక చూస్తారు" అంటాడు. జైల్లో వేస్తారు. ఆ రాత్రే రాజు తమ్ముడు చనిపోయి, పైకి వెళ్లి ఆ భవనం చూసి, అందులో ఓ గది నాకివ్వండని అడిగి, దాన్ని కొనుక్కోవడానికి మళ్లీ బతికొస్తాడు. ఇన్ని పునీతుల కథలు విన్నా నాకు ఇంత ఇష్టమైనది ఇంకోటి లేదు.

ఇందులో రాజు కూడా కల్పనే అని చాలామంది అనుకునేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో అఫ్గానిస్తాన్, పంజాబు వైపు గొండొఫారిస్ నాణేలు బయటపడ్డాయి. రాజు నిజం, కాలం కూడా దగ్గరదగ్గరగా సరిపోతోంది. అంతమాత్రాన భవనం కథ నిజమైపోయిందా? లేదు. నాణేలు దొరక్కముందు ఆ కథకున్న బలం తక్కువా? అదీ లేదు.

అదే తోమా పేరు మీద కేరళలో ఇంకో కథ నడుస్తుంది. క్రీ.శ. 52లో ఆయన వచ్చి నంబూద్రి బ్రాహ్మణులకు బాప్తిస్మం ఇచ్చాడని, తమ కుటుంబం ఆ వంశమేనని కొందరు చెప్పుకుంటారు. ఆ నేల మీద బ్రాహ్మణుల స్థిరనివాసాలు కొన్ని శతాబ్దాల తర్వాతివని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. ఈ కథను మాత్రం నేను ఊరికే వదలను. ఎందుకంటే ఇది విన్నవాణ్ణి ఏమీ ఇమ్మనదు. చెప్పేవాడికి మాత్రం ఒక మెట్టు ఎక్కువ ఇస్తుంది, పక్కవాణ్ణి కింద నిలబెడుతుంది. కేరళవాళ్లను అని మనం తప్పించుకునేది లేదు. మన దగ్గరా పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు, తాతలు ఏ కులంలోంచి మతంలోకి వచ్చారో మూడో మాటలోనే తేలిపోతుంది. అలాంటి చోట పునీతుడి కథ కులధ్రువీకరణ పత్రంలా చేతులు మారుతుంటే, సంతకం ఎవరిదని అడగడం తప్పెలా అవుతుంది?

కథ పట్టా అయిపోవడం కొత్త కూడా కాదు. కాన్‌స్టంటైన్ చక్రవర్తికి కుష్ఠు వస్తే పునీత సిల్వెస్టర్ పోపు బాప్తిస్మమిచ్చి బాగుచేశాడని కథ. నిజానికి చక్రవర్తి 337లో, మరణానికి ముందు, రోముకు చాలా దూరంలో బాప్తిస్మం తీసుకున్నాడు. కథగా ఉన్నంతకాలం దానివల్ల ఎవరికీ నష్టం లేదు. ఎనిమిదో శతాబ్దంలో ఎవరో దాన్ని పట్టుకుని, ఆ మేలుకు బదులుగా చక్రవర్తి పశ్చిమ రాజ్యాన్ని పోపులకు రాసిచ్చాడని దొంగ దస్తావేజు పుట్టించారు. అది ఫోర్జరీ అని 1440లో లొరెంజో వల్లా తేల్చేదాకా రాజకీయాల్లో అది బాగానే చెల్లింది.

ఇక ట్రెంట్ సంగతి. 1475 పాస్కా (ఈస్టర్) రోజుల్లో, ఉత్తర ఇటలీలోని ఆ ఊళ్లో సిమోన్ అనే రెండేళ్ల పిల్లవాడు శవమై దొరికాడు. రక్తం కోసం యూదులు చంపారన్నారు. చిత్రహింసలు పెట్టి ఒప్పించారు, ఆ ఊరి యూదు మగవాళ్లలో చాలామందిని చంపేశారు. పిల్లవాణ్ణి వేదసాక్షిగా కొలిచారు. అద్భుతాలు జరిగాయన్నారు, బొమ్మలు అచ్చేశారు. దాదాపు ఐదొందల ఏళ్లు నడిచిన ఆ భక్తిని చర్చి 1965లో రద్దు చేసింది. "కథే కదా, మనసుకు మంచిది కదా" అని ఎవరైనా అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ పిల్లవాడు, వాడి పేరు మీద చచ్చిపోయినవాళ్లు. అక్కడ అక్షరాలా ఏం జరిగిందన్న ప్రశ్న ఒక్కటే అడగవలసినది. అడగవలసినవాళ్లు అడగలేదు.

మా బావ వాదన

ఇదంతా చెబితే ప్రొటెస్టంట్ ప్రార్థన మందిరానికి వెళ్లే మా బావ ఒప్పుకోడు. "క్రీస్తు లేవకపోతే మన విశ్వాసమే వ్యర్థమని పౌలు రాశాడు. అంటే జరగడం ముఖ్యమనేగా? మీరు ఫిలోమినా లంగరు కథలో, పునీత జార్జి డ్రాగన్ కథలో చూసీచూడనట్టు పోతే, రేపు మీ పిల్లలు ఖాళీ సమాధిని కూడా అదే లెక్కలో వేయరా?"

ఈ వాదనకు పూర్తి జవాబు నా దగ్గర లేదు. కొంత ఉంది. పునీతుల కథల్ని జల్లెడ పట్టింది బయటివాళ్లు కాదు, యేసుసభ (జెస్యూట్) గురువులే. బొల్లాండు, ఆయన తోటివాళ్లు 1643లో పునీతుల చరిత్రల మొదటి సంపుటాలు అచ్చేశారు. ఆ పని ఇప్పటికీ సాగుతోంది. వాళ్లలో ఒకరైన పాపెబ్రోక్, కార్మెల్ సభ అనే సన్యాసుల సంఘాన్ని ఏలీయా ప్రవక్త స్థాపించాడన్న మాటకు ఆధారం లేదన్నందుకు పెద్ద గొడవైంది. 1695లో స్పెయిన్ మతవిచారణ సంస్థ ఆ సంపుటాల్ని నిషేధించింది. కార్మెల్‌వాళ్లకు అంత కోపం ఎందుకొచ్చింది? ఏలీయా మీద ప్రేమతోనే అనుకోను. అందరికంటే పాత సభ అన్న హోదా పోతుందని కూడా. 1969లో పోపు ఆరో పౌలు క్యాలెండర్ సవరించినప్పుడు క్రిస్టఫర్ పండుగ ప్రపంచ క్యాలెండర్‌లోంచి జారిపోయింది. ఆయన పేరు మాత్రం పట్టికలోనే ఉంది, కార్ల డాష్‌బోర్డుల మీదా ఉంది. పునరుత్థానం విషయంలో మాత్రం చర్చి ఎప్పుడూ అలా సర్దుకోలేదు. ఏది విశ్వాస ప్రమాణమో ఏది భక్తుల ఇష్టమో, ఆ తేడా చర్చికి తెలుసు. సత్యోపదేశం క్లాసులో దాన్ని పిల్లలకు చెప్పం, అంతే.

బావ ఇంకో పోటు కూడా పొడుస్తాడు. మెత్తని కథలకు అలవాటుపడ్డ చెవులు గట్టి అబద్ధాలకు కూడా తెరుచుకుంటాయంటాడు. అది నేను చూశాను. మా వీధిలో ఒకావిడ ఓ పునీతుడికి నవదిన ప్రార్థనలు మొక్కుకుని, సాక్ష్యాలు విని విని, షుగరు మాత్రలు ఆపేసింది. అడిగితే, "నమ్మకం లేకపోతేనే గదమ్మా మందులు" అంది మా అక్కతో. కాలి వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ పునీతుడు పాదువా అంతోనివారిలా చేపలకు ప్రసంగం చేశాడంటే నేను నవ్వుకుంటూ వింటాను. ఫలానా అమ్మ మాత్రలు మానేసినా షుగరు తగ్గిందని మైకులో చెబితే మాత్రం ల్యాబ్ రిపోర్టు అడుగుతాను. పునీత పట్టం ఇచ్చేటప్పుడు వాటికన్ కూడా డాక్టర్లను కూర్చోబెట్టి అదే అడుగుతుంది.

కథలన్నీ ఊడ్చేస్తే సరిపోతుందిగా అంటే, ఊడ్చలేం. 2022లో పునీతుడైన దేవసహాయం పిళ్లైని చూడండి. తిరువాన్కూరు రాజు కొలువులో మనిషి, 1745లో బాప్తిస్మం, 1752లో ఇప్పటి తమిళనాడులోని అరల్వాయ్‌మొళి దగ్గర కొండ మీద కాల్చి చంపారు. చరిత్రకు దొరికిన మనిషే. అయినా ఆయన మోకరించి మోచేత్తో కొడితే నీళ్లొచ్చిన బండ ఒకటుంది. ఆయన పోయిన వేళ కొండ మీంచి విరిగిపడి గంటలా మోగిన రాయి ఇంకోటి, జనం ఇప్పటికీ రాయితో కొట్టి ఆ మోత వింటారు. ఉన్న మనిషి చుట్టూ కూడా కథ మొలుస్తుంది. మొలవడం ఆపలేం, అందులో దేన్ని కోర్టుకు లాగాలో మాత్రం చూసుకోవచ్చు.

జార్జి గారి షరతు

ఇంతా రాసి నాకే తేలని ముక్క ఒకటి మిగిలింది. ఏప్రిల్ 23న పునీత జార్జి పండుగకు సత్యోపదేశం పిల్లలకు డ్రాగన్ కథ చెప్పాను. ఇది కథ అని, జార్జి అనే వేదసాక్షి పేరు మీద ఎన్నో వందల ఏళ్ల తర్వాత వచ్చి చేరిందని ముందే చెప్పాను. వాళ్లకు అదేమీ పట్టలేదు. పదమూడో శతాబ్దపు పాఠంలో ఉన్నట్టే చెప్పాను. లిబియాలో సిలేనె అనే ఊరు, చెరువులో డ్రాగన్, రోజుకు రెండు గొర్రెలు, అవి అయిపోయాక చీటీ తీసి పిల్లలు, చివరికి రాజు కూతురు. జార్జి దాన్ని పొడిచి పడేస్తాడు, రాజకుమారి తన నడికట్టు దాని మెడకు కట్టి ఊళ్లోకి లాక్కొస్తుంది. జనం హడలిపోతారు. అప్పుడు జార్జి, మీరంతా బాప్తిస్మం తీసుకోండి, దీన్ని చంపేస్తాను అంటాడు. తీసుకుంటారు, చంపుతాడు.

రెండో వరుసలో కూర్చున్న పాప చెయ్యెత్తింది. "వాళ్లు తీసుకోం అంటే చంపేవాడు కాదా సార్?"

డ్రాగన్ ఉందా అని అడుగుతారేమోనని నేను సిద్ధపడి వెళ్లాను. ఈ దేశంలో, ఈ రోజుల్లో, పాప అడిగినదానికి జవాబు ఎంత జాగ్రత్తగా చెప్పాలో పెద్దవాళ్లకు తెలుసు. పాపకు తెలియదు, కాబట్టే అంత సూటిగా అడిగింది. ఈ కథను నేను ప్రమాదం లేని గంపలో వేసుకున్నాను. అదేమో నా ముందే ఆ గంపలోంచి దూకేసింది. ఆ షరతు ముక్క తీసేసి చెప్పేవాళ్లున్నారు, కథ హాయిగా ఉంటుంది. వచ్చే ఏప్రిల్‌కు నేనూ తీసేయాలా, లేక ఆ ముక్క దగ్గరే ఆగి, జార్జి చేసింది న్యాయమా అని పిల్లల్నే తేల్చమనాలా అన్నది ఇంకా నిర్ణయించుకోలేదు. అక్క మాత్రం తీసేయమంటోంది. మేనల్లుడు, ఈ ఒక్కసారికి, ఉంచమంటున్నాడు.